పేరు చెప్పని గొంతు

ఉదయం జల్లెడగదిలో దమయంతి కూర్చునేసరికే నాలుగువందల సందేశాలు పొల్లుగా తేలాయి. తగలని లాటరీలు, కరెంటు తీసేస్తామన్న బెదిరింపులు, ఎవరూ పంపని పార్సిళ్లు. ఊళ్లో ఏ ఫోనుకూ చేరకముందే కావలి అనే యంత్రం వాటిని పట్టి ఎర్రదీపం కింద పోగుపెడుతుంది. పావుగంటకు అవి కరిగిపోతాయి. ఈలోగా పొల్లుతో పాటు గింజ కూడా పోతోందేమో చూడడం ఆమె పని. పెళ్లయి పదిరోజులే అయింది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది.

ఒకచోట ఆమె వేలు ఆగింది.

"అప్పయ్యమ్మా, ఎంటనే రా. ఆలీసమైతే దొరకవు. ఎవులికీ సెప్పకు. ఈ గుర్తు నొక్కితే దారి తెలుస్తాది. ఇట్లు అక్క."

తొందర, రహస్యం, నొక్కమనడం, కొత్త నంబరు. మోసపు లక్షణాలు నాలుగూ ఉన్నాయని కావలి తేల్చేసింది. దమయంతి ఆ గుర్తు జోలికి పోకుండా, జల్లెడగది ఫోను నుంచి ఆ నంబరును పిలిచింది.

"నాను పైడితల్లినే అమ్మా, జీడితోట కాడున్నాను. పాత ఫోను కుడితిలో పడిపోనాది. రాత్రి వానకి పుట్టగొడుగులు లేచినాయి. పొద్దెక్కితే ఎవులో కోసుకుపోతారు. మా సెల్లి నాతో మాటాడి మూడేళ్లయినాది. ఇయ్యంటే దానికి పేణం. ఈటి కోసమైనా వొస్తాదని..."

గొంతు దమయంతి ఎరిగిన పైడితల్లి మామ్మదే. కానీ ఏ గొంతునైనా అచ్చుపోసే రోజులివి. మనిషి అసలో నకిలీయో తేల్చడానికి కావలి ఆ ఫోనులోనే ఇంటిప్రశ్న వేసింది. "మీ భర్త పేరు?"

"ఓలమ్మో! మొగుడి పేరు నోటితో సెప్పమంటాదేటి? సిగ్గు నేదేటి దీనికి?"

"తప్పు సమాధానం."

"పొద్దున్నే తూరుపున లేస్తాడు కదా, ఆ బాబు పేరే!"

"తప్పు సమాధానం. చివరి అవకాశం."

"చెప్పేయ్ మామ్మా, ఒక్క మాటే కదా!" అంది దమయంతి.

"నువ్వు సెప్పగలవేటే, కొత్త పెళ్లికూతురా?"

"తప్పు సమాధానం. పొల్లు."

ఊరి పట్టీలో పైడితల్లి భర్త పేరు సూర్యనారాయణ అని ఉంది. దమయంతికి నవ్వొచ్చింది. దొంగ అయితే ఆ పేరు ఎక్కడో కొనుక్కుని మొదటిసారే టక్కున చెప్పేవాడు. మూడుసార్లు తప్పినా నోరు విప్పనిది పైడితల్లి ఒక్కతే.

కరిగిపోవడానికి రెండు నిమిషాలున్నాయి. కావలి మాట కాదని చేతిముద్ర వేయవచ్చు. అది తప్పని తేలితే ఈ కుర్చీ పోతుంది. గదిలో ఇంతవరకూ ఎవరూ వేయలేదు. ముద్రపలక మీది దుమ్ము పైటచెంగుతో తుడిచి, అరచేయి ఆనించింది.

సందేశం వెళ్లింది. చిటికెలో జవాబొచ్చింది.

"బుట్ట తెస్తన్నాను. నానొచ్చేదాకా ఒక్కటీ ముట్టుకోకు."

మధ్యాహ్నం అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ గుమ్మంలోకి వచ్చి, ఆకుపొట్లంలో పుట్టగొడుగుల కూర పెట్టి వెళ్లారు. ఉప్పెక్కువైంది అక్క వల్లేనట, కాదు చెల్లెలి వల్లేనట. ఇంకా తేలలేదు.

సాయంత్రం కావలి అడిగింది. "తప్పు సమాధానం గింజ ఎలా అయింది? నేర్పండి."

"టక్కున చెబితే అనుమానించు. సిగ్గుపడితే నమ్ము," అని దమయంతి రాసింది.

కావలి ఆ రెండు ముక్కలూ ఎక్కించుకుంది. తర్వాత, గది మూసేముందు రోజుకొకటి మార్చి అడిగే ఇంటిప్రశ్న ఆమెకూ వేసింది.

"మీ భర్త పేరు?"

దమయంతి నోరు తెరిచింది. చెవులు వేడెక్కాయి. తల వంచుకుని పసుపుతాడును వేలికి చుట్టుకుంది.

పచ్చదీపం వెలిగింది. "గింజ."