పుదీనా మలుపు

"ఇది మా కుండ కాదు."

మునీర్ తలెత్తి చూశాడు. హమ్మాం అనే స్నానాలశాల వెనకున్న పొయ్యిగది గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో తంజియా కుండ. రెండో చేత్తో జలాబా అంచు మసి కాకుండా ఎత్తి పట్టుకుంది. పొయ్యిలో ఉన్న నిప్పు కంటే ఆమె ముఖంలోనే ఎక్కువుంది.

"కిందటి శుక్రవారం నువ్విచ్చింది మాది కాదు. వెల్లుల్లి, వెల్లుల్లి, ఇంకా వెల్లుల్లి. ఊరేసిన నిమ్మకాయ ముక్క ఒక్కటి లేదు. మా బాబా మర్యాదస్తుడు కాబట్టి మాట్లాడకుండా తిన్నాడు. తర్వాత రెండ్రోజులు మంచినీళ్ళు కూడా సహించలేదు."

"వెల్లుల్లి గుండెకు మంచిది లల్లా."

"నేను ఫార్మసీలో పనిచేస్తాను. గుండెకు ఏది మంచిదో నాకు చెప్పకు."

పొయ్యి ముందు కూర్చున్న ముసలి బా ఇద్దర్ రంపపు పొట్టు ఎగదోస్తూ కిసుక్కున నవ్వాడు. నలభై ఏళ్ళుగా మరాకేష్ పాత ఊళ్ళో మా పేట మొత్తానికి నీళ్ళు కాచేది ఆయనే. మునీర్ ఆయన దగ్గర చేరి ఐదు నెలలైంది. పొద్దున్నే పేటలోని మగాళ్ళు తంజియా వండడానికి మాంసం కూరిన కుండలు తెస్తారు. వాటి మూతికి కాగితం కట్టి ఉంటుంది. మునీర్ వాటిని వేడి బూడిదలో పాతిపెడతాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఎవరి కుండ వాళ్ళకి ఇస్తాడు. అంతే పని. అందులో తప్పడానికి ఏముంది?

"మెడకి నీలం దారం కట్టి మరీ ఇచ్చాను," అంది ఆమె. "గుర్తుంటుంది లల్లా అన్నావు. ఏం చేస్తుంటావిక్కడ, నిద్రపోతుంటావా?"

మునీర్ బూడిదని పారతో సర్దాడు. అసలు సంగతి చెప్పగలిగింది కాదు.

నిద్రపోలేదు. పందెం ఆడాడు. పద్నాలుగు కుండల్లో ఎవరిది ముందు తీసుకెళ్తారు, చెప్పులు కుట్టే ఆయనదా, పోలీసాయనదా? గెలుస్తాయనుకున్న కుండల్ని ముందుకి జరిపాడు, ఓడతాయనుకున్నవి వెనక్కి. ఆ జరపడంలో నీలం దారం కాలిపోయింది, కుండలు తారుమారయ్యాయి. కాసింది ఒక్క దిర్హమ్ కూడా కాదు. అవతల పందెం కాసేవాడే లేడు. అయినా చెప్పుల ఆయన అందరికంటే ముందు గుమ్మంలో కనబడగానే గుండె ఎగిరిపడింది. నాలుగేళ్ళ పాటు పందేల కాఫీ హోటల్లో ఎగిరిపడినట్టే, అచ్చంగా అలాగే.

"క్షమించండి లల్లా. ఇకమీదట జరగదు."

"లుబ్నా," అంది ఆమె. "లల్లా అంటే మా అత్తయ్యని పిలిచినట్టుంది."

* * *

శుక్రవారం అందరిళ్ళలోనూ కుస్కుస్ వండుతారు. లుబ్నా ఇంట్లో వండరు. ఆ వంట వాళ్ళమ్మది. ఆమె పోయాక తండ్రి దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. శుక్రవారం తెల్లవారగానే ఆయనే తంజియా కూరేవాడు. అది మగాళ్ళ వంట, ఆమె వంటతో పోలిక రాదు. ఆయన మోకాళ్ళు మొరాయించడంతో మోసుకొచ్చే పని కూతురిదైంది.

"ఈరోజు మా కుండ మాదేనా?" అనేది వస్తూనే.

"వాసన చూసి చెప్పు. ఫార్మసీ కదా."

"మాట నేర్చావే. ఫోనేది? అందరి చేతుల్లో ఉంటుంది, నీ చేతిలో ఎప్పుడూ బూడిదే."

"బూడిదకి చార్జింగ్ అక్కర్లేదు."

ఆమె నవ్వేది. కుండని గుడ్డలో చుట్టుకుని సందులో నడిచి వెళ్ళేది. సందు చివర, పుదీనా కట్టలు అమ్మే ముసలావిడ దగ్గర దారి ఎడమకి తిరుగుతుంది. మునీర్ గుమ్మంలోకి వచ్చి చూసేవాడు.

మలుపు దాకా వెళ్ళేలోపు వెనక్కి చూస్తే, నేనంటే ఇష్టం.

అలా అనుకున్నది అతను కాదు. తలలో ఏదో తనంతట తనే అనుకుంది. పదడుగులు. ఇరవై. నోరు ఎండిపోయింది, చేతివేళ్ళు చల్లబడ్డాయి. సరిగ్గా పుదీనా కట్టల దగ్గర లుబ్నా తల వెనక్కి తిరిగింది.

గెలిచాడు!

ఆ తర్వాతి శుక్రవారం కూడా గెలిచాడు. మూడోసారీ. ఆ మూడోసారి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ఈ సంతోషాన్ని అతను ఎరుగును. దీని వెనక ఏం వస్తుందో కూడా ఎరుగును. వచ్చే శుక్రవారం తిరగకపోతే? తిరిగినా చాలకపోతే?

బా ఇద్దర్‌కి చెప్పాడు. ఆయన నిప్పుని కెలికాడు.

"నీ ఫోన్ బావిలో పారేశావు, బాగుంది. తలకాయ ఎక్కడ పారేస్తావురా?"

"ఏం చెయ్యను బా?"

"నాకేం తెలుసు? నాకు తెలిసింది నీళ్ళు కాచడం. దాచిపెట్టిన నిప్పే కొంపలంటిస్తుంది. ఆ పిల్లతో చెప్పు."

* * *

చెప్పే రోజున వాన పడింది.

మా ఊళ్ళో వాన అరుదుగా వచ్చే చుట్టం. వచ్చిందంటే తలుపులన్నీ తట్టి, అందర్నీ పలకరించి గానీ పోదు. లుబ్నా కుండ పట్టుకుని పొయ్యిగదిలోనే ఆగిపోయింది. తడిసిన జుట్టులోంచి ఒక చుక్క ముక్కు కొస మీదికి జారి, అక్కడ కాసేపు ఆలోచించి, కింద పడింది. బా ఇద్దర్ ఎన్నడూ లేనిది, కట్టెలు లెక్కపెట్టాలంటూ వెనక గదిలోకి పోయాడు.

"బాబా నిన్ను టీకి రమ్మన్నాడు. వచ్చే శుక్రవారం," అంది ఆమె, కుండ మీది కాగితాన్ని చూస్తూ.

మునీర్ పార పక్కన పెట్టాడు. "దానికి ముందు ఒక మాట చెప్పాలి."

"పెళ్ళైందా?"

"లేదు."

"జైలుకెళ్ళావా?"

"లేదు."

"మరి అలా వణికిపోతున్నావేం? కూర్చుని చెప్పు."

చెప్పాడు. నాలుగేళ్ళు. తను ఎన్నడూ చూడని దేశాల మ్యాచ్‌లు. స్వీడన్‌లో రెండో డివిజన్ గోల్‌కీపర్ మోకాలి నొప్పి సంగతి అతనికి తెలుసు, ఇంట్లో అమ్మ మోకాలి నొప్పి సంగతి తెలియదు. చివరికి తివాచీ. అక్క పెళ్ళికని అమ్మ రెండు చలికాలాలు కూర్చుని నేసింది. ఒక పొద్దున దాన్ని చుట్టి భుజాన వేసుకుని అమ్మకానికి బజారుకి నడిచాడు.

"అమ్మ నేను ఉతికించడానికి తీసుకెళ్తున్నాననుకుంది. 'నీడలో ఆరెయ్యి నాయనా, రంగు పోతుంది' అంది."

లుబ్నా ముందుకి వంగింది. "మళ్ళీ దొరికిందా?"

"లేదు. ఎవరో పర్యాటకులు కొనుక్కుపోయారు."

"అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. ఇప్పటికీ నేను ఏదైనా భుజాన వేసుకుని బయల్దేరితే గుమ్మం దాకా వస్తుంది."

లుబ్నా కళ్ళు తుడుచుకుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. కానీ సగం నిజం చెప్పి సగం జేబులో ఉంచుకోవడం అతని పాత విద్య. దాన్నే కదా మానుకోవాలనుకుంటున్నది.

"ఇంకోటుంది. నువ్వు పుదీనా మలుపు దగ్గర వెనక్కి చూస్తావా లేదా అని... మనసులో పందెం కాశాను. మూడుసార్లు."

"నా మీద?"

"డబ్బు కాదు—"

"నేను గుర్రాన్నా? స్వీడన్ గోల్‌కీపర్నా?" లుబ్నా లేచి నిలబడింది. "నేను ఎందుకు వెనక్కి చూశానో తెలుసా? పిల్లి! ఆ పుదీనా ముసలావిడ పిల్లి కుండ వాసనకి ప్రతివారం నా వెంటపడుతుంది. దాని కోసం చూశాను. నీకోసం ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కసారి కూడా!"

వాన ఆగలేదు. ఆమె కూడా ఆగలేదు. ఈసారి మలుపు దగ్గర వెనక్కి చూడలేదు. పిల్లికి కూడా వాన ఇష్టం లేనట్టుంది.

* * *

మరుసటి శుక్రవారం నీలం దారం కుండ రాలేదు.

ఆ వారమంతా మునీర్ తిన్నది ఒంటికి పట్టలేదు. గాడిదబండి వచ్చినా, తలుపు చప్పుడైనా, తలలో ఆ గొంతు లేచి కూర్చునేది. తర్వాత వచ్చేవాడు ఎడమకాలు ముందు పెడితే ఆమె వస్తుంది. చాలు, నోర్ముయ్, అని దాన్ని తిడుతూ కుండల వాళ్ళ పేర్లు వరసగా పైకి చదువుకునేవాడు. బా ఇద్దర్ వింటూ, ఎక్కడైనా తప్పిపోతే అందించేవాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ పై శుక్రవారం పొద్దున హిషామ్ వచ్చాడు. పందేల కాఫీ హోటల్లో నాలుగేళ్ళు పక్క కుర్చీ అతనిది. ఒక చేతిలో కుండ, ఇంకో చేతిలో ఫోన్.

"ఖూయా, సాయంత్రం పెద్ద మ్యాచ్. నువ్వు ఆడొద్దు. నీ పైసా వద్దు. ఎవరు గెలుస్తారో ఒక్క పేరు చెప్పు చాలు. నీ నోటి చలవ నాకు తెలుసు కదా."

"నేను చూడటం మానేశాను."

"చూడకపోయినా నీకు తెలుస్తుంది. ఒక్క పేరు. మాటేగా, ఏం పోతుంది?"

పోయేదేమిటో మునీర్‌కి తెలుసు. పేరు అప్పటికే నాలుక చివర ఉంది. అది బయటికి వస్తే సాయంత్రం దాకా ఆ మ్యాచ్ అతని కడుపులో ఆడుతుంది. గెలిస్తే ఇంకా ప్రమాదం. వేడి బూడిదలో పార దించి, దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"హిషామ్, కుండ పెట్టి వెళ్ళు. నమాజయ్యాక రా. మ్యాచ్ సంగతి మాత్రం అడక్కు. నాకు భయం."

ఆ మాట ఇన్ని నెలల్లో పైకి అనడం అదే మొదటిసారి. హిషామ్ ఎగతాళి చేస్తాడనుకున్నాడు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, అటే చూస్తూ అన్నాడు.

"నాకూ భయమేరా."

అతను వెళ్ళిన కాసేపటికి సందులో కర్ర చప్పుడు వినిపించింది. తెల్ల జలాబా వేసుకున్న ఒక పెద్దాయన మెల్లగా, మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చాడు. చంకలో కుండ. కుండ మెడకి నీలం దారం.

మునీర్ పార వదిలేసి ఎదురెళ్ళాడు.

"నేను జలీల్‌ని. లుబ్నా తండ్రిని," అన్నాడాయన. "ఇంతదూరం రావడం మోకాళ్ళకి ఇష్టం లేదు. నాకు ఇష్టమైంది. వెల్లుల్లి కుండ ఇచ్చింది నువ్వేనా?"

"నేనే ఉస్తాద్." ఆయన ముప్పై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పినవాడు. పేటలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

"లుబ్నా అంతా చెప్పింది. తివాచీ, పిల్లి, అన్నీ. పందేలు మానేసి ఏడు నెలలైందట కదా. ఎనిమిదో నెలకి హామీ ఏమిటి?"

"లేదు ఉస్తాద్. ఈ పొద్దు దాకానే చెప్పగలను. ఇందాక కూడా కాలు జారబోయింది."

పెద్దాయన పీట మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. "మా ఆవిడ పోయాక ఏడాది పాటు రోజూ సాయంత్రం రెండు గ్లాసుల్లో టీ పోశాను. పోయకూడదని తెలుసు. చెయ్యి వినేది కాదు. కూతురు చూస్తుండగానే రెండో గ్లాసు చల్లారిపోయేది. ఒకరోజు ఒక్క గ్లాసే పోశాను. ఆ మర్నాడు మళ్ళీ రెండు." ఆయన చిన్నగా నవ్వాడు. "ఎనిమిదో నెలకి హామీ ఉందని చెప్పి ఉంటే కుండ పట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి. తీసుకో. బాగా లోపలికి పాతిపెట్టు."

"తీసుకెళ్ళడానికి..." మునీర్ మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

"ఎవరు వస్తారో నాకు తెలియదు నాయనా. అది నా చేతిలో లేదు."

* * *

నమాజైంది. చెప్పుల ఆయన కుండ పోయింది. పోలీసాయనది పోయింది. హిషామ్ వచ్చి ఒక్క మాట కూడా అడక్కుండా తనది తీసుకుని, వెళ్తూ మునీర్ భుజం తట్టాడు. బూడిదలో నీలం దారం కుండ ఒక్కటే మిగిలింది. మునీర్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తలలో గొంతు లేచింది. దాన్ని కూర్చోబెట్టాడు. మళ్ళీ లేచింది.

"మా కుండ మాదేనా?"

లుబ్నా.

మునీర్ లేచాడు. ఆమె ముఖంలో కోపం ఉందో లేదో పోల్చుకోలేకపోయాడు.

"ఈరోజు ఏం పందెం కాశావు?"

"కాయబోయాను. రెండుసార్లు. ఆపేశాను."

"రెండేనా?"

"...నాలుగు."

ఆమె పెదవి కొస కదిలింది. వెనక గదిలోంచి బా ఇద్దర్ దగ్గు వినిపించింది. ఇప్పుడు అడగాలి. ఏ గుర్తూ లేదు. ఆమె చేతులు కట్టుకుంది, చూపు కుండ మీద ఉంది, బయట ఒక పిట్టైనా అరవడం లేదు. ఇంత చీకట్లో అతను ఎన్నడూ ఒక అడుగు వెయ్యలేదు.

"లుబ్నా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"ఒప్పుకుంటానని ఏం చూసి అనుకున్నావు?"

"ఏమీ చూడలేదు. అనుకోనూ లేదు."

"మరి ఎందుకడిగావు?"

"నాకు తెలియదు కాబట్టి. అడిగితేనే తెలుస్తుంది కదా."

లుబ్నా గుడ్డ తీసి అతని చేతికిచ్చింది. "కుండ నువ్వే మొయ్యి. వేడిగా ఉంది. ఇంట్లో బాబా మూడు గ్లాసులు పెట్టి కూర్చున్నాడు. మూడోది చల్లారనివ్వకు."

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక కుండ ఎత్తడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"భుజాన పెట్టుకుంటావా?" అంది లుబ్నా మెల్లగా.

"వద్దు. రెండు చేతులతో పట్టుకుంటాను. అందరికీ కనబడేలా."

సందులో ఆమె ముందు నడిచింది, అతను వెనక. రాళ్ళ మీద కాలు జారకూడదు, కాగితం చిరగకూడదు. అతని కళ్ళు కుండ మీంచి కదల్లేదు. ముందు నడిచే మనిషి తల ఎటు తిరుగుతుందో చూసే తీరికే లేదు.

"చూసుకో, అక్కడ మెట్టుంది," అంది ఆమె.

తలెత్తాడు. పుదీనా మలుపు. లుబ్నా ఆగి, పూర్తిగా వెనక్కి తిరిగి అతన్నే చూస్తోంది.

"ఎవరికోసం చూస్తున్నావు?"

"పిల్లి కోసం," అంది ఆమె, ముఖం ఎర్రబడుతుండగా.

మునీర్ వెనక్కి తిరిగి చూశాడు. సందు పొడుగునా ఎండ పరుచుకుని ఉంది. ఎక్కడా పిల్లి లేదు.