వంటింటి గోడలో దగ్గు

నోయిడాలో ఆ మేడ పేరు చెబితే చీకటి పడ్డాక రిక్షావాళ్ళు గేటు దాకా వచ్చేవారు కాదు. మలుపులోనే దింపేసి, ఇక నడిచి వెళ్ళమనేవారు. కింది వాటాకి ఎప్పుడూ తాళమే. అందులో ఉండే ముసలావిడ హరిద్వార్ వెళ్ళి తిరిగి రాలేదని కొడుకు చెప్పాడట. అప్పట్నుంచీ, పొద్దుగూకితే పై వాటా గోడల్లో ఆవిడ దగ్గు వినిపిస్తుందట... అద్దెకొచ్చినవాళ్ళెవరూ నిలవలేదు.

అందుకే ఆ పై వాటా చవగ్గా దొరికింది. తొంభై ఆరులో కొన్నది ఆనందబాబు, ఫ్లోరా. నర్సాపురం వైపు వాళ్ళు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, ఆయన ఓ కంపెనీలో గుమస్తా. బాగుచేసి అమ్మితే, ఆ వచ్చినదాంతో ఓ మంచి ఇల్లు చూసుకుని, ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలిన కూతురు అనుగ్రహని తెచ్చుకోవచ్చని ఆశ.

పాత ఇల్లు బాగుచేయడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. సున్నం గీకితే పెచ్చులూడాయి. పెచ్చు వెనక చెమ్మ. చెమ్మ వెంట పోతే పగిలిన పైపు. వంటింట్లో చెక్క అలమర పీకితే, వెనక గోడలో కింది వాటాకి పైపులు దిగే సందులోకి తల పట్టేంత కన్నం. ఆ సాయంత్రమే పనివాళ్ళు సామాను సర్దుకుని పోయారు. మళ్ళీ రాలేదు. ఎందుకని ఫ్లోరా ఎన్నిసార్లు అడిగినా ఆనందబాబు చెప్పలేదు. ఆవిడవి రాత్రి డ్యూటీలు. మిగతా రంగులు ఆయనొక్కడే వేశాడు... మనిషి సగమైపోయాడు.

కొనడానికొచ్చినవాళ్ళు పగలు చూసి మెచ్చుకునేవారు. కాస్త పొద్దుపోతే మాత్రం మాట మధ్యలోనే మెట్లు దిగిపోయేవారు.

చివరికి కేశవరావు గారొచ్చారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన. డిసెంబరు మంచులో బస్సు ఆలస్యమై, ఆయనొచ్చేసరికి చీకటి పడింది. ఆవేళ ఫ్లోరాకి సెలవు. ఆయనిలా కూర్చున్నారో లేదో, కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలుగులోనే గదులన్నీ తిరిగారు. కొత్త రంగు మీద చెయ్యేసి నిమిరారు. "బావుందమ్మా. మాకు సరిపోతుంది," అన్నారు.

అప్పుడు — దగ్గు.

గోడలోంచి. సన్నగా, ఎవరో నోరు మూసినట్టు...

ఆనందబాబు గొంతు పెంచి నీళ్ళ సదుపాయం గురించి చెప్పసాగాడు. చెబుతూనే వంటింటి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఫ్లోరా ఆయన్ని తప్పించుకుని లోపలికెళ్ళి, కొత్త అలమర తలుపు తీసింది. కన్నంలో వాళ్ళ బొంత కుక్కి ఉంది.

చెవి ఆనించింది. మళ్ళీ దగ్గు... దగ్గు వెనక పిల్లికూతల ఆయాసం. వార్డులో ఆవిడ రోజూ వినేదే.

వెనకే వచ్చి ఆనందబాబు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు ఫ్లోరా..." గుసగుసగా అన్నాడు. "ఈయన కూడా పోతే మనకింక దారి లేదు. పాపనెప్పుడు తెచ్చుకుంటాం?"

అది ఆవిడకి మాత్రం తెలీదా? బొంత మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. గుమ్మంలో కేశవరావు గారు కొవ్వొత్తి పట్టుకుని చూస్తున్నారు.

"చచ్చిపోయినవాళ్ళకి ఆయాసం రాదండీ," అని, బొంత లాగేసింది.

గుప్పున ఏదో కుళ్ళు వాసన. ఫ్లోరా కన్నంలోకి వంగి, మెల్లగా, హిందీలో ఎవరక్కడని అడిగింది.

దగ్గు ఆగిపోయింది. ఊపిరి కూడా...

కేశవరావు గారు తర్వాత ఆ ఇల్లు కొనలేదు. చాన్నాళ్ళకి ఫ్లోరావాళ్ళు దాన్ని ఎవరికో నష్టానికే ఇచ్చుకున్నారు. కానీ ఆ సాయంత్రం కొవ్వొత్తితో కింది వాటాకి ముందుగా మెట్లు దిగింది మాత్రం ఆయనే. ఆనందబాబు సుత్తి తెచ్చి కింది వాటా తాళం పగలగొట్టాడు.

కిటికీలకి మేకులు. నేల మీద ఎండిన రొట్టెలు. మంచం కింద, గోడ మూలకి ఒదిగి — ఎముకల గూడులాంటి ముసలావిడ. దగ్గు బయటికి రాకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫ్లోరా నేల మీద కూర్చుని ఆ కొంగు మెల్లగా తీసింది. ముసలావిడ చేతులు జోడించింది.

"నన్నేం చెయ్యకండి... నేను అరవలేదు," అంది హిందీలో. "పై వాటాలో మనుషుల్లేరు, దెయ్యాలున్నాయి, నా గొంతు వింటే దిగొస్తాయని మా అబ్బాయి ముందే చెప్పాడు."