చార్టు అడుగున సన్నని గీత

"మీకు సైట్ ఉందా?" అని అడిగింది ఆమె.

వెనక గదిలో కళ్ళద్దాలు అరగదీసే యంత్రం గిర్రున తిరుగుతోంది. రేకుల మీద వాన దరువేస్తోంది. ఆ రెండు మోతల మధ్య నుంచి ప్రశ్న తడుచుకుంటూ వచ్చి అతని చెవిలో పడింది.

"లేదండీ. మాది అద్దె ఇల్లే" అన్నాడు.

"ఇల్లు కాదండీ, సైట్!"

"స్థలం కూడా లేదండీ. మా నాన్న కొందామనుకున్నాడు గానీ..."

"అయ్యో రాత! కళ్ళకి సైట్ ఉందా అని! అద్దాన్ని ముక్కుకి ఆనించుకుని చూస్తుంటేనూ!"

అతను తలెత్తి చూశాడు. గొడుగు మూస్తూ, కొస నుంచి కారే నీళ్ళు తన చెప్పుల మీదే పడుతున్నా పట్టించుకోకుండా, నవ్వాపుకుంటూ నిలబడి ఉంది. "లేదండీ" అన్నాడు. అది నిజమే. అయితే ఆ నిజం ఆ క్షణం దాకానే.

కొట్టు ఆమె బాబాయిది. కళ్ళు పరీక్ష చేసే చదువు పూర్తిచేసి ఆమె అక్కడ పనిలో చేరిన మొదటి రోజు అది. అతనేమో తొమ్మిదేళ్ళుగా వెనక గదిలో ఉన్నాడు. అందరూ అతన్ని 'అరగదీత' అనేవారు. అద్దాన్నీ అరగదీస్తాడు, మాటనీ అరగదీస్తాడు. నోట్లో బయల్దేరిన వాక్యం పెదవుల దాకా వచ్చేసరికి సగం అరిగిపోయి ఉంటుంది.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. పదకొండేళ్ళుగా అతను కథలు రాస్తున్నాడు. పాలిష్ పొడి డబ్బాల వెనక ఏడు నోటు పుస్తకాలున్నాయి. ఒక్క కథా ఎవరికీ చూపించలేదు. ఎప్పటికప్పుడు "ఇంకాస్త సాన పట్టాలి" అనుకునేవాడు. అద్దాన్ని అరగదీస్తే చూపొస్తుంది. కథని అరగదీస్తూ కూర్చుంటే కథే పోతుంది. ఈ తేడా మాత్రం అతనికి తెలియలేదు.

ఆ వానకే పైకప్పు కారి, గోడ మీది పరీక్ష చార్టు తడిసి ముద్దయింది.

"ఏమోయ్, కంపెనీకి రాశాను, కొత్త చార్టు ఎప్పటికి పంపుతారో ఏమో! నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కదా, ఈలోగా ఒకటి రాసి పెట్టు" అన్నాడు బాబాయి.

ఆదివారం మధ్యాహ్నం అతను స్కేలు, నల్ల సిరా ముందేసుకుని కూర్చున్నాడు. పై వరుస అక్షరం ఎత్తు ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు. అక్కణ్ణుంచి వరుస వరుసకీ చిన్నవి కావాలి. మామూలుగా అయితే క, ప, ర లాంటి పొంతన లేని అక్షరాలు రాయాలి. కానీ చెయ్యి మాట వినలేదు.

ఆమె
గొడుగు తెచ్చింది
వాన మాత్రం రాలేదు
గొడుగు వానకోసం ఎదురుచూసింది
చివరికి ఇద్దరికి సరిపడా నీడైతే చాలనుకుని ఎండలోనే విప్పుకుంది

సోమవారం పొద్దున చార్టు గోడకెక్కింది. ఎవరు రాశారని ఎవరైనా అడిగేలోపే, "కంపెనీ నుంచి పార్సిల్ వచ్చేసిందండీ" అనేశాడు. జన్మలో అరగదీయకుండా చెప్పిన మాట అదొక్కటే, అదీ అబద్ధం.

ఆమె చార్టు చూసి భగ్గుమంది.

"ఆ కంపెనీకి బుద్ధుందా? మాటలు రాస్తే జనం ఊహించి చదివేస్తారు! ఇంక పరీక్షెందుకు, వ్రతకథలా వినిపించేస్తే సరి! దించెయ్యండి."

దించేలోపే పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. బస్సు నడిపి రిటైరైన పెద్దాయన. ఏడాదికోసారి వచ్చి, అక్షరాలన్నీ దబాయించి చెప్పేసి, నా కళ్ళకేం అని వెళ్ళిపోయే రకం. "వాన మాత్రం రాలేదు" దాకా గడగడా చదివి ఆగిపోయాడు.

"అమ్మాయ్, ఆ కింద కనబడటం లేదు" అన్నాడు మెల్లగా. "కనబడే అద్దం వెయ్యి తల్లీ. పాపం, ఆ గొడుగు ఏమైందో ఏమిటో!"

చూపు తగ్గిందని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆమె ఒక్కొక్క అద్దమే మార్చింది. చివరి వరుస తేటపడగానే ఆయన పకపకా నవ్వాడు. ఆమె చార్టు దించలేదు.

కానీ చిక్కొకటి వచ్చిపడింది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు విని విని కథంతా కంఠతా పట్టేశారు. వారం తిరిగేసరికి బెంచీ మీది ఆరో మనిషి కళ్ళు మూసుకుని కూడా అయిదు వరుసలూ అప్పజెప్పాడు. అంటే ప్రతి సోమవారం కొత్త చార్టు కావాలి. పదకొండేళ్ళలో ఒక్క కథా పూర్తయిందని అనిపించుకోని మనిషి, వారానికొకటి పూర్తిచేసి గోడకి కొట్టడం మొదలుపెట్టాడు. సాన పట్టడానికి టైమేదీ? ఆదివారం ఒక్కటే కదా! ఎవరైనా అడిగితే, కంపెనీ వాళ్ళే వారం వారం పంపుతున్నారనేవాడు.

"ఈ రాసేదెవరో గానీ" అంది ఆమె ఒకరోజు, లెన్సు తుడుస్తూ. "మనిషి మనసు మెత్తనండీ. నాకు చూడాలనుంది."

"ముసలాయనై ఉంటాడు" అన్నాడు అతను, తన మీద తనకే అసూయ పుట్టి.

"ఆ గొడుగు కథ ముసలాయన రాశాడా? మీకు సైట్ రావడం కాదు, అసలు చూపే లేదు! పెళ్ళయిందంటారా?"

"కాలేదు... అంటే... నాకెలా తెలుస్తుంది?"

"ఒక్కటే నచ్చలేదు నాకు. పేరు వేసుకోడేం? ఇంత బాగా రాసి దాక్కోవడమేమిటి? నాకు దాక్కునే మనుషులంటే పడదు." లెన్సు ఠక్కున పెట్టెలో పెట్టింది. "సోమవారం కంపెనీకి ఫోన్ చేస్తాను. ఎవరో కనుక్కుంటాను."

ఆ ఆదివారం అతనికి చెమటలు పట్టాయి. చెబితే నవ్వుతుందేమో. చెప్పకపోతే ఎవరో ఊహల మనిషి మీద మనసు పారేసుకుంటుంది. ఆలోచించి ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాడు. అయిదు వరుసల కథ కింద, చార్టు అంచు పొడవునా, అద్దాల మీద గుర్తులు పెట్టే సన్న పాళీతో, ఒకదాని కిందొకటి రెండు వరుసల్లో నిజమంతా రాసేశాడు. ఎంత సన్నగా అంటే, రెండడుగులు వెనక్కి జరిగితే అది రాత కాదు, గీత. చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది. పైగా ఆమె పేషెంట్ల కళ్ళలోకి చూస్తుందే తప్ప చార్టుకేసి ఎందుకు చూస్తుంది?

పథకం అద్దంలా ఉంది. పగలడానికి కారణం కూడా అద్దమే.

సోమవారం ఉదయం ఆమె నాయనమ్మ కొత్త కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చింది. ఆమె నాయనమ్మ కదా అని, దగ్గరచూపు అద్దాల్ని అతను మూడు రోజులు ప్రాణం పెట్టి అరగదీశాడు. ముసలావిడ జోడు పెట్టుకోగానే లోకమంతా వార్తాపత్రిక అయిపోయింది. క్యాలెండరు చదివింది. ఫ్యాను స్విచ్చి మీది కంపెనీ పేరు చదివింది. బాబాయి చొక్కా గుండీల మీది అక్షరాలు కూడా చదవబోతే ఆయన వెనక్కి జరిగాడు.

"చాల్లే అమ్మా!"

"నువ్వుండరా! ఎన్నాళ్ళకి కనబడుతున్నాయో!" అంటూ చార్టు దగ్గరికి నడిచింది. ఆ పక్కనే మనవరాలు ఫోన్ చెవికి ఆనించుకుని కంపెనీ నంబరు నొక్కుతోంది.

"ఇదేమిటే, అంచున చీమల బారులా..." ముక్కు చార్టుకి ఆనించి గట్టిగా చదివింది. "'ఈ కథలు రాసేది ఏ కంపెనీ వాళ్ళూ కాదు.'"

ఫోన్ నొక్కుతున్న వేలు ఆగిపోయింది. బెంచీ మీద నలుగురూ లేచారు.

"మరెవరమ్మా?" అన్నాడు బాబాయి.

"మిగతాది కింద వరుసలో ఉంది. ఇంకా వంగి చదవాలి. నా నడుము వంగదు."

ఆమె చార్టు వైపు ఒక్క అడుగు వేసింది.

వెనక గదిలో యంత్రం ఆగింది. ఆ మోత ఆగిపోవడం కొట్టులో అందరికీ వినబడింది. తెల్లని పొడి అంటిన చేతులతో అతను బయటికొచ్చి, చార్టుకీ ఆమెకీ మధ్య నిలబడ్డాడు.

"నేను చదువుతాను" అన్నాడు.

"వంగరా మరి, నాయనా" అంది నాయనమ్మ.

అతను వంగలేదు. చూడక్కర్లేదు కదా.

"'వెనక గదిలో అద్దాలు అరగదీసేవాడు. పదకొండేళ్ళుగా రాస్తున్నాడు. నవ్వుతారని భయపడి ఎవరికీ చూపించలేదు. కంపెనీ పార్సిల్ అన్నది అబద్ధం. మీరు అందరి కళ్ళూ చూస్తుంటే వాడు మీ కళ్ళు చూస్తున్నాడు.'" ఈసారి మాట అరగలేదు. "'ఆ మొదటి రోజు లేదన్నాను గానీ, నాకు సైట్ ఉందండీ, డాక్టరు గారూ.'"

బెంచీ మీదివాళ్ళంతా ఆమె వైపు తిరిగారు.

"సైట్ ఉందా!" అంది నాయనమ్మ, కొత్త కళ్ళజోడులోంచి అతన్ని పైనుంచి కిందికి చదువుతూ. "ఎన్ని గజాలు నాయనా?"

బెంచీ బెంచంతా ఘొల్లుమంది. ఆమె నవ్వుతూనే, కళ్ళు తుడుచుకుంటూనే, మొదటి రోజు సైటు గొడవ దగ్గర్నుంచి గొడుగు దాకా, పార్సిల్ దాకా, నాయనమ్మకీ, బాబాయికీ, బెంచీ వాళ్ళకీ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది. బాబాయి నెత్తి గోక్కున్నాడు. "అందుకా ఆ కంపెనీ వాళ్ళు ఇంతవరకూ ఒక్క ఉత్తరమైనా రాయందీ!"

"స్థలం లేకపోతే పోయింది" అని తేల్చేసింది నాయనమ్మ. "ఇంత బాగా కనబడే అద్దం చేశాడు. మోసం చేసే చెయ్యి కాదిది."

ఆమె అతని ముందుకొచ్చి నిలబడింది.

"వచ్చే సోమవారం చార్టులో పై వరుస మీ పేరే. ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు. బెంచీ చివరాయనకి కూడా కనబడాలి."

"ఆ వరుసలో..." అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఆ సైజులో రెండు పేర్లు పట్టవండీ."

"పడతాయి" అంది ఆమె. "దగ్గర దగ్గరగా రాయండి."