గడ్డి కొట్టంలో దగ్గు

ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు కదలబోతుండగా ఒక యువకుడు తడిసిన తలతో, చేతిలో వెదురు బుట్టతో లోపలికి దూకాడు. సీటు ఖాళీ లేదు. బుట్టను ముందు సీట్లో కూర్చున్న స్కూలు టీచరు కృష్ణకుమారి కాళ్ల దగ్గర పెట్టి, తను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు ఊరు దాటకముందే ఆమె కుచ్చిళ్లను ఎవరో లాగినట్టయింది. కిందికి చూసింది. బుట్ట సందులోంచి మూతి బయటపెట్టి ఒక కుందేలు కొత్త వాయిల్ చీర అంచును తీరిగ్గా నములుతోంది.

"ఏమండీ! మీ కుందేలు నా చీర తింటాండాది!"

"పచ్చరంగు కదండీ, గడ్డి అనుకునింటుంది," అన్నాడతను వంగి అంచు విడిపిస్తూ. "చదువు లేనిది. క్షమించండి."

బస్సులో నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఎందుకివి? కూరకా?"

"రామ రామ! మాది అర్చకుల ఇల్లు. వీటికి జమ్మలమడుగులో గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందిలెండి."

"కుందేలుకు ఏం ఉద్యోగం?"

"గొర్రెల ప్రాణం కాపాడే ఉద్యోగం."

"మరి కుందేలు ప్రాణమో?"

అతని నవ్వు చప్పున ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగి, వాన చూస్తున్నట్టు నటించాడు. కృష్ణకుమారి మనసులో అనుమానం మొలకెత్తింది అక్కడే.

జమ్మలమడుగులో దిగి ఆమె నడుస్తుంటే అతనూ వెనకే వస్తున్నాడు. ఊరి చివర గొర్రెల పరిశోధన కేంద్రం గేటు ముందు ఇద్దరూ ఒకేసారి ఆగారు.

"మీరు యాడికండీ?" అన్నాడతను ఆశ్చర్యంగా.

"ఈడికే. మీ కుందేళ్ల ఉద్యోగం ఎట్లుందో చూడ్డానికి," అంది ఆమె.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి తొమ్మిదేళ్లయిన కాలమది. పులివెందుల, వేముల వైపు తొలకరి పడి లేతగడ్డి మొలిస్తే చాలు, చిటుక రోగం వచ్చేది. పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి కొయ్యబారిపోయేది. దానికి మందు కనిపెట్టి, ముందు కుందేళ్ల మీద పరీక్షించమని ఢిల్లీ వాళ్లు ఆ కేంద్రానికి నిధులిచ్చారు. నిధులతో పాటు నిబంధనలూ పంపారు. జంతువులను నొప్పి తెలిసేట్టు కోయకూడదు. రక్తం తీస్తే, మళ్లీ కోలుకునేదాకా సూది ముట్టించకూడదు. బతకదని తేలినదాన్ని బాధపెట్టి ఉంచకూడదు. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో బయటి మనిషి ఒకరు చెప్పకుండా వచ్చి చూసి, ఏడాది చివర సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే నిధులు ఆగిపోతాయి. జంతుశాస్త్రం చదివిన టీచరు ప్రొద్దుటూరు బాలికల హైస్కూల్లో ఒక్కతే ఉంది కాబట్టి, హెడ్‌మిస్ట్రెస్ ఆమె పేరు రాసి పంపింది.

కేంద్రం అధికారి వరదరాజులు ఎదురొచ్చి కాఫీ తెప్పించాడు. "అమ్మా, ఈయన మా రీసెర్చి అసిస్టెంటు వేదవ్యాస. అన్నీ చూపిస్తాడు."

అన్నీ మరీ శుభ్రంగా ఉన్నాయి. ఆమె వస్తున్నట్టు కబురు ముందే అందిందేమో, గొర్రెలకు ఆ పొద్దునే స్నానం చేయించినట్టుంది. తొట్ల నిండా పచ్చగడ్డి. పాతికమంది పిల్లలకు పాఠం చెప్పే కృష్ణకుమారికి, ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు క్లాసు ఎట్లా ఉంటుందో బాగా తెలుసు.

వెనకాల తాళం వేసిన కొట్టం దగ్గర ఆగింది.

"దీంట్లో ఏముంది?"

"గడ్డి," అన్నాడు వరదరాజులు.

లోపల్నుంచి దగ్గు వినబడింది.

"మీ గడ్డికి జలుబు చేసినట్టుందే," అంది ఆమె.

వరదరాజులు గట్టిగా నవ్వి, తాళంచెవి ఇంట్లో మరిచిపోయానన్నాడు. వేదవ్యాస నవ్వలేదు. ఆమె వంకే చూశాడు. ఆ చూపులో ఏదో చెప్పాలనే ఆరాటముంది. లేక, అది కూడా నటనేనా?

తిరిగి వచ్చేటప్పుడు గొడుగు పట్టుకుని బస్టాండు దాకా వస్తానన్నాడు.

"వద్దు. తడిస్తే కరిగిపోను," అంది.

ఆ తర్వాత ఆమె వెళ్లినప్పుడల్లా ఆ కొట్టం తాళానికి ఏదో ఒక సాకు. వేదవ్యాస మాత్రం అడిగినవాటికన్నింటికీ జవాబు చెప్పేవాడు. కుందేళ్లను ఎత్తుకుని ముద్దుచేసేవాడు. ఆమెకు నవ్వొచ్చే మాటలనేవాడు. నవ్వు వచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే కోపమొచ్చేది.

ఒక ఆదివారం ఏకంగా వాళ్లింట్లో ప్రత్యక్షమయ్యాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసే ఆమె తండ్రి సీతాపతి అతనితో గంటలకొద్దీ పంచాంగం మీద వాదించి, మురిసిపోయాడు.

"శానా మంచి పిల్లోడు," అన్నాడు సీతాపతి, అతను వెళ్లాక.

"మంచోడో, మంచోని వేషం కట్టినోడో! సంతకం పెట్టాల్సింది నేను కదా నాయనా. అందుకే మీ చుట్టూ తిరుగుతాండాడు."

"నీకు అందరి మీదా అనుమానమే," అని విసుక్కున్నాడు ఆయన.

ఏడాది చివరికొచ్చింది. సంతకానికి వెళ్లాల్సిన వారంలోనే వరదరాజులు మనిషి చేత సీతాపతికి కబురు పంపాడు: మా వ్యాసుడికి మీ పిల్లనిస్తే బాగుంటుంది, ఖర్చులేమీ లేకుండా చేసుకుంటాడు, నేను మాట్లాడతాను.

సీతాపతి ముఖం వెలిగిపోయింది. కృష్ణకుమారికి ఒళ్లు మండిపోయింది. తన అనుమానమే నిజమైనందుకు సంతోషం కలగాలి కదా. ఏడుపెందుకు వస్తున్నట్టు?

బడికి సెలవు పెట్టి, జోరువానలో జమ్మలమడుగు బస్సెక్కింది. ఆ రోజు వరదరాజులు కడపకు పోయాడు. వేదవ్యాస ఒక్కడే వరండాలో ఉన్నాడు.

"సంతకానికి మీరు కట్టిన వెల బాగుంది," అంది ఆమె తడిసిన చీరతో వణుకుతూ. "సంతకం పెడితే పెండ్లి చేసుకుంటారంటనే!"

"పెండ్లా? ఎవురికి?"

"తెలీనట్టు మాట్లాడొద్దు. మీ ఆఫీసరు కబురు పంపినాడు."

అతని ముఖం పాలిపోయింది. తర్వాత లోపలికి వెళ్లి గడ్డపార తెచ్చి, కొట్టం తాళం మీద గట్టిగా కొట్టాడు. తాళం ఊడి బురదలో పడింది.

"రండి. చూడండి."

లోపల చీకట్లో పది, పదిహేను గొర్రెలు. లేవలేక పడుకుని ఉన్నాయి. మెడల మీద సూదులు గుచ్చీ గుచ్చీ పుండ్లు. ఒకటి దగ్గుతోంది. తలుపు వెలుగు పడగానే వేదవ్యాసను చూసి వెనక్కి జరగబోయింది. జరగలేకపోయింది.

"నన్ను చూస్తే దానికి భయం," అన్నాడతను. "మందు వీటి రక్తంలోంచే తీయాల. కోలుకునేదాకా ఆగితే హైదరాబాదు ఆఫీసుకు మందు సీసాలు తక్కువ పోతాయని సారు ఆగనీలే. వారం వారం తీయించినాడు. తీసింది నేను. నా చేత్తోనే."

"ఎందుకు తీసినారు?" అంది ఆమె, గొర్రె మెడ మీది పుండ్లు చూస్తూ.

"ఉద్యోగం పోతాదని భయపడి. మీరొచ్చిన ప్రతిసారీ చెప్దామనుకుంటి. నోరు రాలే. ఆదివారం మీ ఇంటికొచ్చింది కూడా దానికే. మీ నాయన పంచాంగం తీసినాడు, నాకు తప్పించుకునేకి అదే సందనిపించింది."

"ఇప్పుడెందుకు చూపిస్తాండారు?"

"నీరసించిన గొర్రె రక్తంలో మందు బలముండదండీ. నీళ్లతో సమానం. దాన్ని నమ్ముకుని వేముల వాళ్లు గొర్రెలకు ఏయించుకుంటే మందలు మందలే పోతాయి. మీరు సంతకం పెట్టొద్దు."

"పెట్టకపోతే మీ ఉద్యోగం?"

"పోనీండి. రాసేటప్పుడు నా పేరు కూడా రాయండి."

ఆమె అతని కళ్లలోకి చూసింది. ఇన్నాళ్లూ వెతికిన మోసం అక్కడ కనిపించలేదు. కానీ ఆ గొర్రె ఇంకా అతన్ని చూసి వణుకుతూనే ఉంది. అదీ అబద్ధం కాదు.

ఆమె సంతకం పెట్టలేదు. చూసిందంతా రాసింది. వరదరాజులు పేరు రాసింది. సూది పట్టింది వేదవ్యాస అనీ, తాళం పగలగొట్టింది కూడా అతనేననీ రాసింది. సూది పట్టింది అతనన్న ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆమెకు ఒక సాయంత్రమంతా పట్టింది.

నిధులు ఆగిపోయాయి. వరదరాజులు ఉద్యోగం ఊడింది. వేదవ్యాసను సస్పెండు చేశారు. పోతూ అతను ఆమెకు ఒక్క మాట కూడా చెప్పలేదు. కృష్ణకుమారికి కొత్త అనుమానం పట్టుకుంది: నన్ను అసహ్యించుకుంటున్నాడా? సీతాపతి కూతురు ముఖం చూసేవాడు, పంచాంగం మూసేసేవాడు.

కొన్నాళ్లకు కొత్త అధికారి వచ్చాడు, నిధులూ మళ్లీ మొదలయ్యాయి. నిబంధనల ప్రకారం, నిదానంగా, మందు తయారైంది. ఉద్యోగం పోతుందని తెలిసీ నిజం చెప్పినవాడని వేదవ్యాసను వెనక్కి పిలిచి, కింది ఉద్యోగమిచ్చి, మందలకు సూదులు వేయడానికి వేముల వైపు పంపారట. ఆ సంగతి తెలిసిన రోజే కృష్ణకుమారి తనిఖీ బాధ్యత నుంచి తనను తప్పించమని రాసేసింది.

తొలకరి పడింది. ఒక శనివారం ఎర్రగుంట్లలో బస్సు మారి, పులివెందులలో మళ్లీ మారి, వేముల పొలాల్లోకి నడిచింది. పచ్చని బీడులో మంద. మధ్యలో మోచేతుల దాకా బురదతో అతను. చెవి నిమిరి, మాట చెప్పి, అప్పుడు సూది వేస్తున్నాడు. గొర్రెలు బెదరడం లేదు.

ఆమె కాసేపు దూరం నుంచే చూసింది. పాత అలవాటు.

అతను తలెత్తి చూసి నిలువునా ఆగిపోయాడు. "తనిఖీకి వచ్చినారా?"

"లేదు. ఆ పని మానుకుంటి."

"ఎందుకండీ?"

"తనిఖీ చేసే మనిషికి, చేయించుకునే మనిషి మీద ఇష్టం ఉండకూడదు. నిబంధనల్లో లేదుగానీ, నాకు తోచింది."

సన్నగా జల్లు మొదలైంది. అతను ఏం చేయాలో తెలియక చేతిలో ఉన్న గొర్రెను వదిలేశాడు. అది సూది తప్పించుకుని పరుగు తీసింది.

"నా పేరు రాసినారు మీరు," అన్నాడు మెల్లగా.

"రాసినా. కోపమా?"

"రాయకపోయింటే మీ ముఖం చూడలేకపోయింటి. ఇప్పుడు చూస్తాండా కదా." అతను చేతుల బురద గడ్డికి తుడుచుకున్నాడు. "నా జీతం తగ్గింది. ఈ బురదలో పని. అయినా అడుగుతాండా... మీ నాయనతో ఎప్పుడు మాట్లాడాల?"

"నేనే మాట్లాడి వచ్చినా."

"ఏమన్నాడు?"

"'నాకెందుకు చెప్తావు, పోయి ఆ పిల్లోనికి చెప్పు' అన్నాడు," అంది కృష్ణకుమారి. కొంగు నడుముకు బిగించి, పారిపోయిన గొర్రెను పట్టుకోవడానికి మంద వైపు నడిచింది.