వంకర కొమ్ము మేక

చెప్పు తెగింది.

దోర్కా ఆగలేదు. రెండోది కూడా అక్కడే వదిలేసి వట్టి కాళ్లతో పరుగెడుతోంది.

వాన. బురద. ఉప్పల్ మెట్రో పిల్లర్ల వెనక సందు. అప్పుడే చీకటి పడింది. వీధి లైట్లు లేవు.

వెనక బైక్!

హెడ్‌లైట్ గోడల మీద పాకుతూ వస్తోంది.

జాకెట్టులో ఫోన్. దాని మీద నల్లరంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఒంటికి అంటుకుంటోంది. చల్లగా, జిగటగా.

"ఆగు! ఆగవే!"

ఆగదు. మోకాళ్ల నొప్పులు. పైగా శుక్రవారం ఉపవాసం, పొద్దుటి నుంచి మంచినీళ్లే. అయినా ఆగదు!

ఈ ఫోన్ వాడి చేతికి మళ్లీ చిక్కితే అబ్బయ్య బతకడు.

అంతకు మించి ఆలోచించే టైం లేదు.

*

కాసేపటి క్రితం దాకా ఆమెకీ ఏం తెలీదు.

దోర్కాది ఉప్పల్‌లో చిన్న షాపు. పాత ఫోన్ల బాడీలకు రంగు వేస్తుంది. గీతలు రుద్ది, చెక్కిన పేర్లు చెరిపి, కొత్తదానిలా చేసి ఇస్తుంది. బైకుల ట్యాంకులకు రంగులేసే కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసిన చెయ్యి అది.

షట్టర్ సగం దించి నాచారంలోని ఇంటికి బయల్దేరబోతుండగా వాడు వంగి లోపలికొచ్చాడు. పొడుగ్గా, బక్కగా ఉన్నాడు. రెయిన్‌కోట్ నుంచి నీళ్లు కారుతున్నాయి. పేరు ఉపేందర్ అన్నాడు.

"అక్కా, గీ బొమ్మ పోవాలె. మొత్తం నల్లగ గొట్టు."

"వేరే షాపుల అయితలేదా?"

"అన్ని షాపులు దిరిగిన. థిన్నర్ పెట్టిన్రు, రుద్దిన్రు. పోతనే లేదు! గీ తీరు రంగు నాచారం అక్క ఒక్కతే ఏస్తదట. ఆమెకే తీయొస్తది పో అన్నరు."

దోర్కా ఫోన్ తిప్పి చూసింది.

తెల్ల మేక.

వేలిగోరంత మేక. ఒక కొమ్ము తిన్నగా, ఇంకోటి వంకరగా.

ఫోన్‌ను లైటు దగ్గరికి తెచ్చింది.

అది ఆమె గీసిన మేకే.

నాచారంలో వాళ్ల చర్చిలో ఒక రూలుంది. ప్రార్థనకు ముందు అందరూ ఫోన్లు గుమ్మం దగ్గర గంపలో వేయాలి. సంఘ పెద్ద విజయ్ కుమార్ పెట్టిన రూలు. అన్నీ నల్ల ఫోన్లే కావడంతో ప్రార్థన కాగానే రోజూ గొడవ. ఒకామె ఫోన్ నాగోల్ దాకా వెళ్లి మర్నాడు తిరిగొచ్చింది. అందుకని దోర్కా ఒక్కో ఫోన్ వెనక ఒక్కో బొమ్మ వేసిపెట్టింది. హార్డనర్ కలిపిన రంగు, ఎండితే ఇక చెరగదు. ఒకరికి చేప, ఒకరికి దీపం. విజయ్ కుమార్‌కి ద్రాక్ష గుత్తి.

వాచ్‌మన్ అబ్బయ్యకు గొర్రెపిల్ల వేస్తానంది.

"గొర్రె వద్దు బిడ్డా. మేకనే గియ్యి. నేను జనగామల మేకలు గాసినోన్ని. మేకకు జర పొగరుంటది."

ఆ అబ్బయ్య ఆదివారం నుంచి కనబడటం లేదు!

మేడిపల్లిలో ఆయన కాపలా కాసే గోడౌన్‌లో రాగి వైరు పోయింది. ముసలోడే ఎత్తుకుపోయాడన్నారు. కూతురు ఎలిజబెత్ బోరింగు దగ్గర బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు వెనక్కి లాక్కుంటున్నారు. పోలీసుల దగ్గరికి పోతే ఇంకా పరువు పోతుంది, నేను మాట్లాడతానని విజయ్ కుమారే ఆ పిల్లకు ధైర్యం చెప్పాడు. అబ్బయ్యకు ఆ పని ఇప్పించింది ఆయనే.

అబ్బయ్య దొంగతనం చేసి పారిపోయి ఉంటే ఫోన్ ఆయన దగ్గరుండాలి కదా...

వీడి దగ్గర ఎందుకుంది?

"ఏందక్కా, అట్ల జూస్తున్నవ్?"

"ఏం లే. మేక మంచిగుంది. ఎందుకు తీపిస్తున్నవ్?"

"మంచిగ ఏడుంది? మా మరదలికిస్త. మేక బొమ్మ జూస్తే మొఖాన గొడ్తది. సార్ పగలగొట్టుమన్నడు గని... కొత్త ఫోన్, మనసొప్పలే."

"ఏ సారు?"

"నీకెందుకు? నీ పని నువ్ జూడు."

దోర్కా కెమెరా మీద టేపు అంటించింది. స్ప్రే గన్‌లో నల్లరంగు పోసింది.

"రుద్దవా?"

"అక్కర్లే. మీద గొడ్తే కనబడదు."

కంప్రెసర్ ఆన్ చేసింది. దడదడదడ!

మేక నలుపులో మునిగిపోయింది.

అప్పుడే వాడి ఫోన్ మోగింది. కంప్రెసర్ మోతలో వాడి మాట వాడికే వినబడలేదు. గొంతు పెంచాడు.

"హా సార్! లారీ ఎనిమిదింటికే! ముసలోన్ని గూడ అండ్లనే ఎక్కిస్తం! వరంగల్ దాటినంక ఏడనో... ఫికర్ జెయ్యకున్రి సార్!"

దోర్కా వేలు గన్ మీద బిగుసుకుంది.

అబ్బయ్య బతికే ఉన్నాడు!

ఎనిమిది దాకా!

"అయిందా?" ఉపేందర్ చెయ్యి చాపాడు.

"అయింది. జర వంగి లైటుకు జూడు, ఎట్లొచ్చిందో."

వంగాడు.

దోర్కా గన్ నొక్కింది.

నేరుగా మొహం మీదికి!

*

ఇప్పుడు ఆ మొహమే వెనక బైక్ మీద వస్తోంది. సగం నల్లగా. ఒక కన్ను మూతపడి.

సందు చివర రోడ్డు. వెలుతురు. హారన్లు!

ఎదురుగా ఆటో. దోర్కా అడ్డం వెళ్లి నిలబడింది. బ్రేకు కీచుమంది.

"సస్తవా అక్కా!" డ్రైవర్ అరిచాడు.

"నాచారం పోనీయన్నా! చర్చి కాడికి! వాడు నన్ను సంపుతడు!"

అద్దం మీద పేరు... బుచ్చిరాములు. అతను వెనక్కి చూశాడు. బైక్. నల్ల మొహం.

"గదేంది, మొఖానికి తారు పూసుకున్నడా?"

"నేనే పూసిన!"

"అట్లనా! గట్టిగ వట్టుకో మరి."

ఆటో ఎగిరింది.

దోర్కా తన ఫోన్ షాపులోనే వదిలేసింది. బుచ్చిరాములు ఫోన్ అడిగి తీసుకుని పోలీసుల వంద నంబరుకు కొట్టింది. గబగబా చెప్పింది. మనిషిని కట్టేశారు. మేడిపల్లి. లారీ. ఎనిమిది.

"ఏ గోడౌనమ్మా?" అవతలి గొంతు. "మేడిపల్లిలో వీధికో గోడౌన్ ఉంది. పేరు చెప్పండి. గుర్తేమైనా చెప్పండి."

ఏ గోడౌనో దోర్కాకూ తెలీదు.



అబ్బయ్యను వారానికో గోడౌన్‌కి మారుస్తారు. ఎలిజబెత్‌కి కూడా తెలీదు. తెలిసింది ఒక్కరికే. పని ఇప్పించిన విజయ్ కుమార్‌కి.

"లైన్ల ఉండున్రి సార్. చర్చి కాడ అడిగి చెప్త."

ఫోన్ బుచ్చిరాములు చేతిలో పెట్టింది. "కట్ చెయ్యకన్నా. నీకు దండం బెడ్త."

"చెయ్య. దండాలు ఆపి కాళ్లు లోపటికి వెట్టుకో, టర్నింగు!"

బైక్ ఎడమ పక్కకొచ్చింది. ఉపేందర్ చెయ్యి చాచి దోర్కా కొంగు అందుకున్నాడు!

లాగాడు. పిన్ను భుజంలో గుచ్చుకుంది. దోర్కా కొంగు వదల్లేదు. కాలు ఎత్తి బైక్ హ్యాండిల్ మీద తన్నింది!

బైక్ వంకర తిరిగింది. గుంతలో పడింది. పడి... మళ్లీ లేచింది.

"శభాష్ అక్కా!" బుచ్చిరాములు ఊగిపోయాడు. "రోజు నా బండే ఎక్కు నువ్!"

*

చర్చి మొదటి అంతస్తులో ఉంది. కింద టైర్ల షాపు. మెట్ల నిండా చెప్పులు.

దోర్కా రెండేసి మెట్లు ఎక్కింది. చెప్పుల మీద జారింది. లేచింది.

గుమ్మంలో రాణి. గంప పట్టుకుని కూర్చుంది. ప్రతి ప్రార్థనకూ ఆమెదే ఆ డ్యూటీ.

"వందనాలక్కా... ఆగాగు! ఫోన్ గంపలెయ్యి!"

"ఇయ్యాల ఎయ్య!"

లోపల హాలు నిండుగా ఉంది. స్టేజీ మీద తెల్లబట్టల్లో విజయ్ కుమార్ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నాడు. "...దారి తప్పిన మా అబ్బయ్యకు మారుమనసు దయచేయుము..."

ముందు వరసలో ఎలిజబెత్. తల నేలకు ఆనుతోంది.

"అన్నా!"

హాలంతా తిరిగి చూసింది. వట్టి కాళ్లు. బురద. రంగు అంటిన జాకెట్టు.

"అబ్బయ్య దొంగ గాదు! బతికే ఉన్నడు! కట్టేసిన్రు! ఎనిమిదింటికి లారీల తీస్కపోతున్రు! ఏ గోడౌన్ల ఉన్నడో జెప్పన్నా, జల్ది!"

ఎలిజబెత్ లేచి నిలబడింది.

విజయ్ కుమార్ కళ్లు తెరిచాడు. నింపాదిగా.

"సిస్టర్ దోర్కా. ఏమైంది నీకు? ఎవరు చెప్పారు ఇదంతా?"

"గిది అబ్బయ్య ఫోన్!"

"నల్ల ఫోన్. అందరి దగ్గరా ఉంటుంది."

దోర్కా తడి కొంగుతో ఫోన్ వీపు గట్టిగా తుడిచింది. ఇంకా ఎండని రంగు ముద్దలా లేచి కొంగుకు అంటుకుంది. మళ్లీ తుడిచింది. మళ్లీ!

నలుపులోంచి ఒక కొమ్ము పొడుచుకొచ్చింది.

వంకరగా.

తర్వాత మేక మొత్తం. తెల్లగా. చెక్కు చెదరకుండా!

"నాయనా..." ఎలిజబెత్ రెండడుగులు ముందుకేసింది. "మా నాయన మేక!"

హాలంతా గుసగుసలు. విజయ్ కుమార్ స్టేజీ దిగాడు. మెత్తగా నవ్వాడు.

"దేవునికి స్తోత్రం. మంచి పని చేశావు సిస్టర్. ఇటు ఇవ్వు. పోలీసులతో నేను మాట్లాడతా. నువ్వు కూర్చో, నీళ్లు తాగు."

చెయ్యి చాపాడు.

ఎన్ని కష్టాల్లో ఆ చెయ్యి తల మీద పడిందో! దోర్కాకు ఏడుపొచ్చింది. ఒక అడుగు వేసింది. ఇవ్వబోయింది...

గుర్ర్ర్... గుర్ర్ర్...

గుమ్మం దగ్గర గంప వణికింది!

"అయ్యో, ఎవల్దో బంద్ జెయ్యలే!" రాణి గంపలో చెయ్యి పెట్టింది. ప్రార్థన అయ్యాక ఫోన్లు పంచేటప్పుడు రోజూ అరిచినట్టే అరిచింది. "ద్రాక్ష గుత్తి! ద్రాక్ష గుత్తి ఎవల్ది?"

ఆగింది.

"నీదేనన్నా."

దోర్కా గుమ్మం వైపు చూసింది.

బయట మెట్ల మీద ఉపేందర్! వీపు తిప్పి గోడకు ఒరిగాడు. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంకో చేత్తో...

చెవి దగ్గర ఫోన్.

రింగు పోతోంది.

గంప వణుకుతోంది.

"ఎత్తొద్దు!" విజయ్ కుమార్ అరిచాడు. ఆ గొంతు అంతవరకూ ఆ హాల్లో ఎవరూ వినలేదు. "రాణీ! ముట్టుకోవద్దు!"

దోర్కా పరుగెత్తింది. రాణి చేతిలోంచి ద్రాక్ష గుత్తి లాక్కుంది. నొక్కింది. స్పీకర్!

"సార్! ఉపేందర్‌ను!"

ఒకే గొంతు. బయటి నుంచి ఒకసారి. ఆమె చేతిలోంచి ఒకసారి!

"పెయింటామె ఫోన్ గుంజుకొని ఉరికింది సార్! నాచారంల చర్చిల జొచ్చింది! ఇప్పుడేం జెయ్యాలె? పెట్రోల్ బంకు ఎన్క గోడౌన్ల నుంచి ముసలోన్ని ఇప్పుడే ఎక్కియ్యమంటరా? ఎనిమిది దాక ఆగమంటరా? సార్? సార్!"

హాల్లో ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.



దోర్కా ద్రాక్ష గుత్తిని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఎనక్కి తిరిగి జూడు తమ్మీ."

ఉపేందర్ తిరిగాడు. గుమ్మం. గంప. నూరు జతల కళ్లు.

మెట్ల కింద నుంచి, పోలీసుల లైన్‌లోకి బుచ్చిరాములు కేక. "విన్నరా సార్? పెట్రోల్ బంకు ఎన్క! మెయిన్ రోడ్డు మీదికి లారీ రానీయకున్రి!"

ఉపేందర్ కిందికి దూకాడు. నూరు జతల చెప్పుల మీద కాలు జారింది. దొర్లుకుంటూ వెళ్లి టైర్ల మధ్య పడ్డాడు!

"తారు మొఖమోడా, ఏడికి బోతవ్?" బుచ్చిరాములు వాడి వీపు మీద కూర్చున్నాడు.

పైన విజయ్ కుమార్ వెనక్కి నడుస్తున్నాడు. ఒక్కో అడుగు. చూపు మాత్రం జనం మీదే. చెయ్యి వెనక తలుపు కోసం తడుముకుంటోంది.

"సిస్టర్స్... ఇది సాతాను పన్నాగం. మా వాళ్లు రాగి వైరు ఎత్తుతుంటే ఆ ముసలోడు చూశాడు, నేను చంపమనలేదు... నేను..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఏమన్నాడో ఆయనకే వినబడినట్టుంది.

చెయ్యి తలుపుకు తగల్లేదు. మనిషికి తగిలింది.

ఎలిజబెత్!

ఎప్పుడు వెళ్లిందో వెనక తలుపుకు అడ్డంగా నిలబడింది. కళ్లలో నీళ్లు లేవు. వెనక్కి చూడకుండానే ఇనుప గడియ లాగింది.

ధన్!

తుపాకీ పేలినట్టే అదిరింది హాలు.

దోర్కా ఇటు ముందు గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో మేక. ఒక చేతిలో ద్రాక్ష గుత్తి.

"కూసో పెద్దన్నా," అంది ఎలిజబెత్. "మా నాయన వచ్చేదాక ప్రార్థన అయిపోదు."