ఐసు ఫ్యాక్టరీ డౌనులో బ్రేకు

మా ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ డౌను మంచి చోటు కాదు.

ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఫ్యాక్టరీ మూతబడి చాలా ఏళ్ళయింది. నాచు పట్టిన గోడలు, తుప్పు గేటు, గేటు వెనక చీకటి... రోడ్డు ఆ గోడ పక్కనుంచే నిట్టనిలువుగా దిగి, మలుపు తిరిగి, కాలవ గట్టు మీదికి పోతుంది. పొద్దుగూకాక ఆ డౌనులో బండి దిగుతుంటే వెనకనుంచి ఎవరో తోస్తారట. బ్రేకు నొక్కుతూనే ఉంటాం... బండి పోతూనే ఉంటుంది. ఫ్యాక్టరీ లోపల్నుంచి టంగ్... టంగ్... అని ఇనుము మీద ఇనుము కొట్టే చప్పుడు వినిపిస్తుంది.

మొదట రంగులు వేసే కుర్రాడు పోయాడు. గట్టు రాయికి తల తగిలి అక్కడికక్కడే. తరవాత పోస్టుమాన్‌కి తుంటి విరిగింది. ఆ తరవాత టైలరుగారు మోకాలు పగలగొట్టుకున్నాడు. పోస్టుమానూ టైలరూ ఒకటే మాట చెప్పారు, "తోసింది" అని. ఎవరు తోశారయ్యా అంటే రంగుల కుర్రాడే అని ఊరు తేల్చేసింది. బతికున్నన్నాళ్ళూ ఎవరినీ పల్లెత్తు మాట అనని పిల్లాణ్ణి చచ్చాక హంతకుణ్ణి చేసి కూర్చోబెట్టారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈమధ్య అక్కడ రెండో దెయ్యం చేరిందన్నారు. అది తోయదు, ఆపుతుంది. డౌను మొదట్లో తెల్లగా, పొడుగ్గా, చెయ్యి అడ్డం పెట్టి నిలబడుతుందట. బండి ఆగితే పలకదు... వంగి హ్యాండిల్ కింద ఏదో తడుముతుంది. తడిమి, పొమ్మని చెయ్యి ఊపుతుంది.

తోసే దెయ్యం సంగతీ ఆపే దెయ్యం సంగతీ రెండూ నాకు తెలుసు. అక్కా బావా చెప్పగా విన్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మా బావ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఆ జబ్బు ఇంట్లో కూడా వదలదు. కూరగాయల చీటీ చేతికిస్తే, అందులో దీర్ఘాలు సరిచేశాక గానీ సంచీ అందుకోడు. మరదల్ని కాబట్టి ఏడిపించే హక్కు నాది. "నీ మొహాన కోపం అచ్చుతప్పులా పడింది, దిద్దుకో బావా" అంటుంటాను. అక్కకి ఆసుపత్రి ల్యాబులో సాయంకాలం డ్యూటీ. డ్యూటీ దిగే వేళకి బస్సులుండవు. రోజూ బావే వెళ్ళి బండి మీద తీసుకొస్తాడు. దారి ఆ డౌను గుండానే.

ఆ బండి వాళ్ళ పెళ్ళికంటే పాతది. దానికి ముందు బ్రేకు పాడయింది. హ్యాండిల్ దగ్గర, లివరు పక్కన ఆయిల్ పంపు ఒకటుంటుంది. లివరు నొక్కితే ఆ ఆయిలే పోయి చక్రాన్ని పట్టుకుంటుంది. ఆ పంపు కొత్తది ఎక్కడా దొరకలేదు, కంపెనీ చెయ్యడం మానేసిందట. చివరికి ఫోనులో, పాత సామాన్లు వేలం వేసేచోట కనిపించింది. "ముందు బ్రేకు పంపు. వాడినది. ఉన్నది ఉన్నట్టుగా. ఊళ్ళోవాళ్ళకు మాత్రమే."

బావ మురిసిపోయాడు. ఒక్క అక్షరం తప్పు లేదట. పైగా వాడినది అని ఒప్పుకున్నాడు, ఉన్నది ఉన్నట్టుగా అన్నాడు... దాపరికం లేని మనిషి అని అక్కతో చెప్పాడట. పాట పాడుకుంటూ వేలం పాడాడు. పొట్లం తెచ్చినవాడు కనపడలేదు. పొద్దున్నే గేటుకి వేలాడుతూ ఉంది, అంతే.

మెకానిక్కు బిగించాడు. ఊళ్ళో బ్రహ్మాండంగా పట్టింది. సందు మలుపులో, కూరగాయల కొట్టు ముందు... ఎక్కడ నొక్కితే అక్కడ ఆగింది.

ఆ రాత్రి సన్నగా తుంపర పడుతోంది. అక్క వెనక కూర్చుంది. ఫ్యాక్టరీ దగ్గర డౌను మొదలైంది. బావ లివరు నొక్కి పట్టుకున్నాడు. బండి నెమ్మదించింది... తరవాత, మెల్లిగా, ఎవరో వెనకనుంచి తోసినట్టు... కదిలింది. ఇంకా గట్టిగా నొక్కాడు. లివరు హ్యాండిల్‌కి ఆనుకుపోయింది. వెనక బ్రేకు తొక్కితే చక్రం తడి రోడ్డు మీద జారింది. మలుపు దగ్గరికొచ్చేస్తోంది. గోడ లోపల టంగ్... టంగ్...

బావ హ్యాండిల్‌ని ఫ్యాక్టరీ గోడ పక్కనున్న ఇసక కుప్పలోకి తిప్పేశాడు. అదే వాళ్ళని బతికించింది. కాలవ గట్టు అక్కడికి బారెడు దూరం లేదు.

లోపలి చప్పుడు ఆగిపోయింది. వాళ్ళు లేచి నిలబడేలోపలే, ఎక్కడినుంచి వచ్చాడో, తోపుడు బండివాడొకడు ప్రత్యక్షమయ్యాడు. పాత ఇనుము కొనే మనిషి. అక్కని లేపి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. వెళ్తూ చెవి దగ్గర గొణిగాడు.

"చోటు పట్టిన బండి తల్లీ... ఇంట్లో ఉంచుకోకండి."

అక్క మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి, నా వీపు మీద చెయ్యి పడిందే, చల్లటి చెయ్యి, అని నాకు ఫోనులో చెప్పి ఏడ్చింది. బండి వాకిట్లో ఉంటే కంటిమీద కునుకు పడదంది. బావ అరుగు మీద కూర్చుని, ఎవరి మీద కోపమో తెలియక, బండి లివరు పట్టుకుని పిసికాడు. పిసికి వదల్లేదు. అప్పుడు చూశాడు... లివరు కాసేపు గట్టిగా నిలబడింది. తరవాత నెమ్మదిగా, వేళ్ళ కిందనుంచి జారిపోతూ, హ్యాండిల్‌కి వచ్చి తగిలింది.

పంపు లోపలి రబ్బరు అరిగిపోయింది. నొక్కి వదిలేస్తే పడుతుంది. నొక్కి ఉంచితే దిగిపోతుంది. మా ఊళ్ళో బ్రేకు నొక్కి ఉంచాల్సిన చోటు ఒక్కటే, ఐసు ఫ్యాక్టరీ డౌను.

అమ్మినవాడికి బావ పెద్ద ఫిర్యాదు రాశాడు. జవాబు చిన్నది. "ఉన్నది ఉన్నట్టుగా అని ముందే రాశాం కదా సార్. ఎలా ఉంటే అలా తీసుకోవాలి, తరవాత మాకు సంబంధం లేదు అని అర్థం." వేలం నడిపే కంపెనీ కూడా అదే పాట. పోలీసు స్టేషన్లోనైతే, ఆ డౌను సంగతి తెలిసీ రాత్రిపూట పెళ్ళాన్ని ఎక్కించుకుని ఎందుకెళ్ళావు అని బావనే తిట్టారు.

జీవితమంతా మాటలు దిద్దినవాడు ఒక్క మాట దగ్గర బోల్తాపడ్డాడు. నిజాయితీ అనుకున్న మాట తప్పించుకునే దారి అయింది. ఆ ఉక్రోషంలో మేకు తీసుకుని పంపు అడుగున ఒక గుర్తు గీకాడు. ప్రూఫుల్లో తప్పు ముక్క మీద పెట్టే గుర్తు అది, సున్నా చుట్టి తోక లాగి. 'తీసెయ్' అని దాని అర్థం.

మర్నాడు బావ ప్రెస్సులో ఉండగా తోపుడు బండివాడు ఇంటికొచ్చాడు. అక్క బండిని పంపుతో సహా ఇచ్చేసింది. ఊరికే. తీసుకుపో నాయనా అని దణ్ణం కూడా పెట్టిందట. సాయంత్రం బావ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అరిచి, ఆ కోపంతోనే అమ్మినవాడికి మళ్ళీ రాశాడు, నీ పంపు వల్ల నా భార్య చెయ్యి విరిగిందిరా అని.

జవాబు వెంటనే వచ్చింది. "పంపు తప్పు లేదు సార్. ఆ ఐసు ఫ్యాక్టరీ డౌనులో ఏ బ్రేకూ పట్టదు. చోటు అలాంటిది."

బావ భుజం మీదనుంచి అక్క చదివింది.

"ఏమండీ..." అక్క గుసగుసగా అడిగింది. "మనం పడింది డౌనులో అని రాశామా?"

రాయలేదు. ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

ఆ వారంలోనే పంపు మళ్ళీ వేలానికొచ్చింది. ఫొటోలో అడుగుభాగం కనిపిస్తోంది... సున్నా, తోక. కింద అవే అక్షరాలు. ఉన్నది ఉన్నట్టుగా. ఊళ్ళోవాళ్ళకు మాత్రమే. బావ పాడబోతే, నీకు పాడే వీల్లేదని వచ్చింది. వాడు ఇతన్ని తన జాబితాలోంచి ఊడబీకేశాడు. కంపెనీకి మళ్ళీ మొత్తుకున్నాడు, పలికే నాథుడు లేడు. పంపు ఎవరికో అమ్ముడైపోయింది.

బావ పోస్టుమాన్ ఇంటికెళ్ళాడు. మంచం మీదనుంచే ఆయన చెప్పాడు. ఆయనా అక్కడే కొన్నాడు. పడ్డాక ఆయన బండీ తోపుడు బండివాడికే ఇచ్చాడు. టైలరుగారూ అంతే. ఊళ్ళో దెయ్యం పట్టింది ఏ చోటునీ కాదు. ఒకే ఒక్క తుప్పు ముక్క బండి మారి బండి ఎక్కుతూ, మనుషుల్ని పడేసి, మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గేటు లోపల పాత ఇనుము కొట్టుకునే తోపుడు బండివాడి దగ్గరికే చేరుతోంది. వేలంలో అమ్మేదీ వాడే. వాడేమో దాని తప్పుని పోయిన పిల్లాడి మీదికి తోసి, మనచేత దణ్ణాలు పెట్టించుకుంటున్నాడు. ఇది విన్నరోజు నా చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాను.

అప్పటినుంచి బావ రాత్రిళ్ళు కనపడటం మానేశాడు. అక్కని ఆటోలో ఇంటికి చేర్చి, ప్రెస్సువాళ్ళ తెల్ల రెయిన్‌కోటు తగిలించుకుని వెళ్ళిపోయేవాడు. ఎక్కడికంటే చెప్పడు. ఊళ్ళో రెండో దెయ్యం కథ మొదలైంది కూడా అప్పుడే.

అర్థమైంది కదా. ఆపే దెయ్యం మా బావే.

వచ్చిన ప్రతి బండినీ ఆపి, పంపు అడుగున వేలితో తడిమేవాడు. నోరు విప్పితే ఆ గోడ వెనక ఉన్నవాడు వింటాడని పలికేవాడు కాదు. కొందరు బండి వదిలేసి పరిగెత్తారు. ఒకాయన గొడుగుతో కొట్టాడు. అయినా మానలేదు.

మళ్ళీ తుంపర పడుతున్న రాత్రి, ఒక టీచరమ్మ వచ్చింది. వెనక వాళ్ళ నాన్న. తెల్లటి ఆకారాన్ని చూసి ఆమె బ్రేకు గట్టిగా నొక్కింది. టైర్లు కీచుమన్నాయి, బండి ఆగింది. నొక్కి వదిలితే పడుతుంది కదా. బావ వంగి వేలు పెట్టాడు.

సున్నా... తోక.

అన్ని రాత్రుల్లో మొదటిసారి నోరు విప్పి, గుసగుసగా అడిగాడు. "ఇది ఎక్కడ కొన్నావమ్మా?"

"వేలంలోనండీ..." అంది ఆ పిల్ల. "ఉన్నది ఉన్నట్టుగా అని రాశాడు. అబద్ధం ఆడని మనిషి అనుకున్నాను."

అప్పుడే కిర్రుమని గేటు తెరుచుకుంది. టైర్ల చప్పుడు విని, ఎప్పటిలాగే, తోపుడు బండి ముందుకొచ్చింది. దాని వెనక మనిషి. ఎవరో పడి ఉంటారని వచ్చినవాడికి ఎవరూ పడి లేరు. తెల్లగా, పొడుగ్గా ఒక ఆకారం నిలబడి ఉంది.

బండి వదిలేసి వాడు మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు. "నాయనా... నేను తోయలేదు నాయనా..." అన్నాడు.

బావ దగ్గరికెళ్ళి, మెల్లిగా అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టుగా చెప్పు."

చెప్పాడు. అంతా చెప్పాడు. లివరు దిగిపోతుందని రంగుల కుర్రాడికి అమ్మినరోజే తెలుసని, కుర్రాడు పోయాక జనం దెయ్యం అంటుంటే తనకి దారి దొరికిందని, ఊరవతలివాళ్ళకి అమ్మితే అడగటానికొస్తారని, ఊళ్ళోవాళ్ళయితే చోటుని తిట్టుకుని ఊరుకుంటారని. టీచరమ్మ వాళ్ళ నాన్న ఫోను ఎత్తి పట్టుకుని ప్రతి మాటా రికార్డు చేశాడు. ఇప్పుడు ఆ మనిషి జైల్లో ఉన్నాడు. పంపు కేసు సామాన్ల కింద స్టేషన్లో ఉంది.

కానీ ఊరి బుద్ధి మారలేదు. రంగుల కుర్రాడే వచ్చి వాడిచేత నిజం చెప్పించాడని అంటోంది. నాకు చిర్రెత్తుకొచ్చి, చెప్పించింది మా బావ, ఆ కుర్రాడి పేరెత్తితే ఊరుకోనని కనపడ్డవాళ్ళందరితో పోట్లాడాను. చివరికి టీచరమ్మతో కూడా.

ఆ పిల్ల తలవంచుకుని అంతా వింది. విని, గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది.

వాడు చేతులు జోడించింది బావకి కాదట. బావ భుజం మీదుగా, వెనక్కి చూస్తూ జోడించాడట. చివరిదాకా చూపు తిప్పలేదట.

నేను నేరుగా అక్కావాళ్ళింటికెళ్ళి బావని నిలదీశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు బావా, నీ వెనక ఎవరున్నారు అని.

బావ ప్రూఫు కాగితం మీదనుంచి తల ఎత్తలేదు.

"వెనక్కి తిరగలేదమ్మా" అన్నాడు.