ఇరవై మూడు మొక్కల కేసు

సోమవారం ఉదయం ఢిల్లీశ్వరరావు ప్రైవేటు డిటెక్టివ్ సోమేశ్వరరావు గదిలోకి దూసుకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. బరంపురం పక్కన అంకులిలోని జీడిపప్పు కంపెనీకి మేనేజరాయన. ఆ చెమటలు చూస్తే హత్యేదో జరిగిందనుకోవాలి.

"ఇరవై మూడు పోయాయండీ!"

అసిస్టెంటు సాయిపద్మ చేతిలో పెన్ను జారిపోయింది. "ఇరవై ముగ్గురు మనుషులా?"

"మనుషులైతే ఇంకోళ్ళని పెట్టుకుందుం. మొక్కలమ్మా, మొక్కలు!"

శనివారం ఆఫీసువాళ్ళు ఇరవై నలుగురూ తెల్ల టీషర్టులు వేసుకుని, తలా ఒక మొక్క నాటి, ఫోటో దిగారు. సోమవారం వచ్చి చూస్తే ఒక్కటే మిగిలింది. సాయంత్రం నాలుగింటికి భువనేశ్వర్ నుంచి పెద్దాఫీసరు ఆ పచ్చదనం చూడటానికి వస్తున్నాడు.

"వాచ్‌మన్ అసిరయ్య మేకలే తినేశాయి. మీరు రుజువు సూపించండి, నాలుగులోపు ఆడిని పంపించేస్తాను."

అసిరయ్యకి అరవై దాటాయి. ఈ పని పోతే ఇంకొకటి ఇచ్చేవాళ్ళెవరూ లేరు. కంపెనీలో డిటెక్టివ్ కనబడగానే పాపం ముసలాయన చేతులు జోడించాడు.

"నిన్న నాకు సెలవు బాబూ. అయినా మేక ఆకు తింటాది, మోడు ఒగ్గీస్తాది. యేరుతో సహా పీకీసి, గుంత కప్పెడతాదేటి?"

నిజమే, గుంతలన్నీ చక్కగా కప్పి ఉన్నాయి. గేటు దగ్గర ఆటో చక్రాల జాడ, ఒక బెండకాయ దొరికాయి. సోమేశ్వరరావు బెండకాయని జేబులో వేసుకున్నాడు. అబ్బ, ఏం బుర్ర అనుకుంది సాయిపద్మ, ఎందుకో తెలియకపోయినా.

"ఈ నేల సూడండి ఎంత నీటుగా ఉందో," అన్నాడు మేనేజరు గర్వంగా. "శనివారం టిఫిన్లు కూడా ఆకుల్లోనే పెట్టాం. చెత్తడబ్బాలో ప్లాస్టిక్ అంటే ఒక్క నల్ల కవరు, అంతే!"

"మొక్కలు ఎక్కడివి?"

"నర్సరీవండి. ఒక్కోటీ ఒక్కో నల్ల కవర్లో, ఎంత ముద్దుగా ఉన్నాయో!"

మిగిలిన మొక్క బిల్లుల గుమాస్తా లక్ష్మీప్రసన్నది.

"మీదే ఊరమ్మా?"

"పాత్రపూర్ అండి."

"నాన్నగారు ఏం చేస్తారు?"

"కూరగాయలు పండిస్తారండి. రోజూ బరంపురం మార్కెట్టుకి తెస్తారు."

సోమేశ్వరరావు ఫోను తీసి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడాడు.

మూడింటికి అందరినీ పెరట్లో నిలబెట్టాడు.

"ఈ కేసులో దొంగ ఒకరు, నేరస్థులు ఇరవై ముగ్గురు. మొక్కలు ఇరవై నాలుగు, కవర్లూ ఇరవై నాలుగు. డబ్బాలో పడింది ఒక్కటే. మిగతావి ఏమయ్యాయి మేనేజరుగారూ?"

ఢిల్లీశ్వరరావు వెళ్ళి చెత్తడబ్బాలోకి తొంగిచూశాడు.

"టీషర్టులకి మట్టంటకుండా కవర్లతోనే పాతేశారు! వేళ్ళకి ఊపిరాడక అవి నెలలో చచ్చేవి. కవరు విప్పి నాటింది ఒక్కరే. మిగతావి చస్తుంటే చూడలేకపోయిందీ ఆవిడే. బెండకాయ మీ నాన్నగారి ఆటోలోదే కదమ్మా?"

లక్ష్మీప్రసన్న ఏడ్చేసింది. "ఆ రోజే సెప్పినానండి. ఫోటో అయ్యేదాకా నోరు ముయ్యమన్నారు. గుంతలు సూస్తే జానెడే. ఒక్కదాన్నీ ఎన్ని తవ్వను? నిన్న నాన్న ఆటోలో తీసుకెళ్ళి, కవర్లు ఇప్పి, మా కళ్ళంలో నీడన ఎట్టినాను. తాత మీదకి వస్తాదనుకోలేదు. పొద్దున్నే సెప్పాల్సింది, బయమేసింది. నా ఉద్యోగం తీసీండి, తాతని ఒగ్గీండి."

గేటు దగ్గర ఆటో హారను మోగింది. ఇందాక సోమేశ్వరరావు ఫోను చేసింది ఆమె నాన్నగారికే. ఇరవై మూడు మొక్కలూ నిగనిగలాడుతూ దిగాయి.

"ఇద్దరి ఉద్యోగాలూ ఉంటాయి కదా?" అన్నాడు సోమేశ్వరరావు వాచీ చూసుకుంటూ.

"ఉంటాయి బాబూ, ఉంటాయి! ముందు పార ఇవ్వండి!" అన్నాడు మేనేజరు.

అసిరయ్య లోతు చెబుతుంటే ఇరవై ముగ్గురూ తవ్వారు. "మోకాలు దాకా బాబూ. ఇంకా. ఇంకా." సరిగ్గా నాలుగింటికి పెద్దాఫీసరు కారు దిగి, నిలువెల్లా బురదతో గుంతలో ఉన్న మనిషిని చూశాడు.

"ఎవరాయన?"

"మా మేనేజరు బాబే," అన్నాడు అసిరయ్య. "ఇయ్యాలే పన్లోకి దిగినారు."